ఉప్పుగాలి జిల్లాల్లో పాత కారు: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

మూడు లక్షల లోపు పాత కారు కొనాలనుకుంటే సలహాలకు కొదవ లేదు. కాకపోతే అవి చాలావరకు హైదరాబాదు, ఢిల్లీ బళ్లను చూసి చెప్పినవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగే బండికి వచ్చే జబ్బులు వేరు. ఒకపక్క సముద్రం, దాన్నుంచి వచ్చే తుపాన్లు, ఇంకోపక్క ఒడిశా సరిహద్దు. ఇంజను ఎంత పాడైనా డబ్బు పెడితే బాగవుతుంది. అడుగున తుప్పు తినేసిన బాడీనీ, పేరు మారని ఆర్‌సీనీ ఏ షెడ్డులోనూ బాగుచేయలేరు. కాబట్టి ముందు కాగితాలు, తర్వాత బాడీ, ఆఖర్న ఇంజను చూడండి. చాలామంది దీన్ని తిరగేస్తారు. బానెట్ ఎత్తి శబ్దం వింటారు, ఏసీ వేసి చూస్తారు, అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు, అప్పుడు గుర్తొచ్చి సి-బుక్కు, అంటే ఆర్‌సీ, అడుగుతారు.

ముందు డబ్బు లెక్క

చేతిలో 3 లక్షలుంటే రెండున్నర లక్షల బండి చూడండి. మిగతా 50 వేలను కూడా బండి ధరలోనే కలిపి లెక్కేసుకోవాలి. పేరు మార్పు, ఇన్సూరెన్సు, మొదటి సర్వీసు ఎలాగూ తప్పవు. వీటికి తోడు కొత్త టైర్లనో, బ్యాటరీనో అడగని పాత కారు అరుదు. ఆల్టో సైజు టైరు, అంటే 145/80 ఆర్12, ఒక్కోటి మూడు వేల పైచిలుకు పడుతుంది. 35 ఏహెచ్ బ్యాటరీ నాలుగైదు వేలు. చిన్న కారుకి క్లచ్ సెట్టు లేబరుతో కలిపి ఆరు నుంచి పది వేలు. ఈ మూడూ ఒకే నెలలో మీద పడితే ఇరవై అయిదు, ముప్ఫై వేలు ఇట్టే ఖర్చయిపోతాయి.

పెట్రోలా డీజిలా అన్నది నెలకి ఎంత తిరుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నెలకి 1,500 కిలోమీటర్లు దాటితేనే డీజిలు మాట ఎత్తండి. ఆఫీసుకీ బజారుకీ తిరిగేవాళ్లకి పెట్రోలే నయం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిలు బళ్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగితే అది వేడెక్కక మూసుకుపోతుంది. మార్చాల్సి వస్తే బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది.

మోడల్ విషయంలో ప్రయోగాలు వద్దు. ఆల్టో, వ్యాగన్‌ఆర్, స్విఫ్ట్, శాంత్రో, ఐ10 లాంటివైతే టెక్కలిలోనైనా, పాలకొండలోనైనా, సాలూరులోనైనా చేయి పెట్టే మెకానిక్ దొరుకుతాడు. షెవర్లే 2017 చివరికల్లా, ఫోర్డ్ 2021లో దేశంలో అమ్మకాలు ఆపేశాయి. ఆ బళ్లు నడపడానికి బాగుంటాయి, ధరా ఊరిస్తుంది. కానీ ఒక సెన్సారు పోతే విశాఖ నుంచి వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది. ఇంట్లో వేరే బండి ఉన్నవాళ్లకే అవి.

ఎవరి దగ్గర కొనాలి

నేరుగా ఓనరు దగ్గర కొంటే మేలు. పాత బళ్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలో కొన్నా ఆర్‌సీలో పేరున్న మనిషితో ఒక్కసారైనా మాట్లాడాలి. అది కుదరదంటే బండి వదిలేయండి. "ఒకే చెయ్యి బండండి, డాక్టరు గారు వాడారు" అన్న మాట ప్రతి కన్సల్టెన్సీలోనూ వినిపిస్తుంది. ఆ డాక్టరు గారు ఎన్నో ఓనరో ఆర్‌సీలోనే రాసి ఉంటుంది.

విశాఖలో నేవీ, ఇతర కేంద్ర ఉద్యోగులు బదిలీ మీద వెళ్తూ అమ్మే బళ్లు విజయనగరం దాకా వస్తుంటాయి. సర్వీసు బిల్లులు సాధారణంగా పక్కాగా ఉంటాయి గానీ నంబరు వేరే రాష్ట్రానిది కావచ్చు. ఫైనాన్సు కంపెనీలు జప్తు చేసిన సీజింగు బళ్లు చవగ్గా వస్తాయి. కిస్తీలే కట్టలేనివాడు ఆయిలు మార్పించి ఉంటాడా అన్నది మీరే ఆలోచించుకోండి.

మన పల్లెల్లో మాత్రమే దొరికే రకం ఇంకోటి ఉంది. కొడుకు హైదరాబాదులోనో, దుబాయిలోనో ఉంటాడు. కారు ఊళ్లో షెడ్డు కింద ఉంటుంది. సంక్రాంతికి తీస్తారు, మళ్లీ పెట్టేస్తారు. ఎనిమిదేళ్లకి 22 వేల కిలోమీటర్లే తిరిగిందని ఎక్కువ ధర చెబుతారు. నిలబెట్టిన బండికీ రోగాలుంటాయి. టైర్లు అరగకుండానే గట్టిపడి పగుళ్లిస్తాయి, బ్రేకు షూలు డ్రమ్ముకి పట్టేస్తాయి, పెట్రోలు ట్యాంకులో మడ్డి చేరుతుంది. పక్కనే ధాన్యం బస్తాలుంటే ఎలుకలు వైరింగు కొరికేస్తాయి. అలాంటి బండి కొనవచ్చు గానీ, కిలోమీటర్లు తక్కువని ఎక్కువ ఇవ్వకండి. అయిదు టైర్లు, బ్యాటరీ, బ్రేకు పని, అన్ని ఆయిళ్ల ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

కాగితాలు

నంబరు తీసుకుని ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషను తేదీ, ఇంధనం, ఫైనాన్సు, ఇన్సూరెన్సు గడువు, పొల్యూషను గడువు కనిపిస్తాయి. ఈ-చలానాలు విడిగా చూడండి. బండి చూడ్డానికి వెళ్లకముందే ఇవి చూస్తే సగం బళ్లు అక్కడే రాలిపోతాయి.

ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం అని మనకి అలవాటు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి కొత్త నంబరు చూసి జిల్లా చెప్పలేం. ఏ ఆఫీసులో రిజిస్టరయిందో ఆర్‌సీలోనే చూడాలి. తయారైన నెల, సంవత్సరం కూడా అందులో ఉంటాయి. 2016 డిసెంబరులో తయారై 2017లో రిజిస్టరైన బండికి 2016 ధరే ఇవ్వండి.

ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో మీ కళ్లతో సరిపోల్చుకోండి. చెక్కిన చోట గీతలు, చుట్టూ వెల్డింగు, అక్కడ మాత్రమే కొత్త రంగు కనబడితే మాట పెంచకుండా వచ్చేయండి. డూప్లికేటు ఆర్‌సీ అయితే ఎందుకు తీసుకున్నారో అడగండి. ఒక్కోసారి అసలుది అప్పిచ్చినవాడి దగ్గర ఉంటుంది.

ఫైనాన్సు ఉన్న బండైతే బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి ఫైనాన్సు తీయించే ఫారం 35 రెండు కాపీలు ఉండాలి. లోను ఇంకా మిగిలి ఉంటే ఆ మొత్తాన్ని అమ్మేవాడి చేతికి ఇవ్వొద్దు. నేరుగా లోను ఖాతాకి కట్టి రసీదు తీసుకోండి. ఓనరు చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మార్పించాలి. పోయినాయన సంతకం పెట్టి ఉంచిన ఫారాలున్నాయని ఎవరైనా చూపిస్తే ఆ బండి ముట్టుకోవద్దు.

పేరు మార్పుకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30. అమ్మినవాడు రాష్ట్రంలోపల అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. కన్సల్టెన్సీల్లో నడిచే 'ఓపెన్ ఫారాల' పద్ధతి ఇక్కడే ముంచుతుంది. మొదటి ఓనరు ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇచ్చేస్తాడు, బండి ముగ్గురి చేతులు మారుతుంది, ఆర్‌సీలో మాత్రం మొదటాయన పేరే ఉంటుంది. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే ఓనరు అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే తెలివైన ఓనరు కూడా పేరు మార్పు త్వరగా కావాలనే కోరుకుంటాడు. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్లు అమ్మే డీలర్లకి ఆర్టీఓ అనుమతి పత్రం, ఫారం 29బి, ఉండాలన్న నిబంధన వచ్చింది. బండి డీలరు చేతికి వచ్చినప్పుడు ఫారం 29సి ఇచ్చారా అని అడగండి.

ఇన్సూరెన్సు పాలసీని ఊరికే గడువు కోసం చూడకండి. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం ఉంటుంది. క్లెయిము లేని ఏడాదులకి అది 20, 25, 35, 45, 50గా పెరుగుతుంది. ఎనిమిదేళ్ల బండికి పాలసీలో సున్నా ఉంటే కిందటేడు క్లెయిము చేసుండాలి, లేదా పాలసీ 90 రోజులు దాటి ఖాళీ పెట్టి ఉండాలి, లేదా ఈ మధ్యే చేతులు మారి ఉండాలి. ఏదైనా అడగాల్సిన ప్రశ్నే. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు, మీకు రాదు. కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. ఆర్‌సీ మీ పేరున, పాలసీ పాత ఓనరు పేరున ఉండగా బండికి దెబ్బ తగిలితే సొంత డ్యామేజీ క్లెయిము తిరస్కరిస్తారు.

సరిహద్దు సంగతి. ఇచ్ఛాపురం అవతల ఓడీ 07 బరంపురం వైపుది, పర్లాకిమిడి వైపు ఓడీ 20, రాయగడ ఓడీ 18, సాలూరు ఘాటీ దాటితే కోరాపుట్ ఓడీ 10. ఈ నంబర్ల బళ్లు మన వైపు ముప్ఫై, నలభై వేలు తక్కువకే కనిపిస్తాయి. తక్కువ ఎందుకంటే ఆ తేడా మీరు ఇక్కడ లైఫ్ ట్యాక్సుగా కట్టాలి. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, అది కూడా మీరు రిజిస్టరు చేయించే ఆఫీసు పేరు మీదే ఉండాలి. శ్రీకాకుళానికి రాసిన ఎన్‌ఓసీ విజయనగరంలో చెల్లదు. బండి ఈ రాష్ట్రంలో ఉంటే ఏడాదిలోపు ఇక్కడి నంబరు వేయించాలి. బేరం ఆడకముందే బండి వయసు, మోడలు చెప్పి ట్యాక్సు ఎంతవుతుందో ఆర్టీఓ ఆఫీసులో లెక్క వేయించుకోండి. ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. "వారంలో వస్తుందండి" అన్న మాట నమ్మి ఏడాదంతా ఓడీ నంబరుతో తిరుగుతున్నవాళ్లు సరిహద్దు మండలాల్లో కొల్లలు.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు బళ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి బళ్లు చవగ్గా దక్షిణాదికి దిగాయి. వాటికీ ఇదే లెక్క. ఆ ఆంక్షలు మన రాష్ట్రంలో లేవు. ఇక్కడ పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్సు కట్టి అయిదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. పద్నాలుగో ఏడులో ఉన్న బండి కొంటుంటే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

బాడీ: ఇక్కడ తొందర పనికిరాదు

పగటిపూట, ఎండలో, కడిగి ఆరిన బండిని చూడండి. తడి మీద ప్రతి రంగూ మెరుస్తుంది. చేతిలో ఒక చిన్న అయస్కాంతం, పాత స్క్రూడ్రైవరు, ఫోను టార్చి ఉంటే చాలు.

కళింగపట్నం, బారువ, భావనపాడు, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఏళ్ల తరబడి నిలబడ్డ బండికి తుప్పు పైనుంచి రాదు, కింది నుంచీ లోపలి నుంచీ వస్తుంది. తలుపు అడుగు అంచున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ముతో అవి మూసుకుపోతే వాన నీళ్లు తలుపు లోపలే నిలిచి రేకుని తినేస్తాయి. బయట రంగు బుడగలా లేచేసరికి లోపల రేకు ఉండదు. అందుకే ప్రతి తలుపు తెరిచి, అడుగు అంచు వెంట వేలు పెట్టి తడమండి. తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు, డిక్కీలో స్టెప్నీ గుంత, వైపర్ల కింద జాలీ దగ్గర ఆకులు పేరుకునే చోటు, బానెట్ లోపల షాకబ్జార్లు బిగించిన గూళ్లు, ఈ నాలుగింటిలో ఏ ఒక్కచోట తుప్పు ఉన్నా బండి వదిలేయండి. సైలెన్సరు మీద, యాక్సిల్ మీద పైపైన ఎర్రటి తుప్పు మామూలే.

అడుగున కొత్తగా నల్ల కోటింగు కొట్టి ఉంటే సంతోషించకండి. అమ్మడానికి ముందు కొట్టించారంటే దాని కింద ఏదో ఉంది. స్క్రూడ్రైవరు మొనతో రెండు మూడు చోట్ల నొక్కండి. మంచి రేకు టంగుమంటుంది. తుప్పు పట్టింది పెంకులా రాలుతుంది. లిఫ్టు ఉన్న షెడ్డుకి తీసుకెళ్లి రెండు మూడు వందలు ఇచ్చి ఎత్తించి చూడ్డం అన్నిటికన్నా మంచిది. ఓనరు దానికి ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపులు, మడ్‌గార్డుల మీద ఆనించండి. పట్టనిచోట లప్పం ఉంది. బంపర్లు ప్లాస్టిక్కు కాబట్టి వాటిని వదిలేయండి. అరచేతంత లప్పం అంటే ఎక్కడో గీసుకున్నట్టు. తలుపంతా లప్పమైతే గుద్దుకున్నట్టు. పెద్ద యాక్సిడెంటు పట్టుకోవడానికి ఇంకో మార్గం ఉంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగును చేత్తో లాగితే వచ్చేస్తుంది. దాని కింద రేకు అంచు మీద వరసగా, దాదాపు సమాన దూరంలో, చిన్న గుండ్రటి నొక్కులు కనిపించాలి. ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగు గుర్తులవి. ఎడమపక్క నొక్కులుండి కుడిపక్క నున్నగా ఉన్నా, లప్పం నిండి ఉన్నా ఆ పక్క స్తంభాన్ని కోసి అతికించారన్నమాట. మడ్‌గార్డు బోల్టుల తలల మీద రంగు చెదిరి స్పానరు గుర్తులుంటే దాన్ని ఎప్పుడో విప్పారు. బీడింగు మళ్లీ నొక్కి బిగించడం మర్చిపోకండి.

నీట మునిగిన బళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచేసింది. ఇలాంటి ప్రతి వరద తర్వాతా మునిగిన కార్లు కడిగి, తుడిచి, వేరే జిల్లాల్లో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. ఎవరూ వాడని ఆ ఆఖరి అడుగులో బురద గీత ఉంటే ఇంకేమీ చూడనక్కర్లేదు. సీటు కింద పట్టాల స్క్రూలకి తుప్పు, మ్యాటు కింది ఫోములో చెమ్మ, హెడ్‌లైటు అద్దం లోపల నీటి చార, ఫ్యూజు బాక్సులో పచ్చగా కిలుం పట్టిన పిన్నులు కూడా అదే చెబుతాయి. లోపల సెంటు ఘాటుగా కొట్టి ఉంటే అద్దాలు మూసి ఏసీ వేయండి. మొదటి నిమిషంలో వచ్చే గాలిలో అసలు వాసన ఉంటుంది.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. బండి 30 వేలే తిరిగిందని చెబుతూ, నాలుగు టైర్లూ బండి కంటే నాలుగేళ్లు చిన్నవైతే మీటరు తిప్పారేమో చూడండి. పెడల్ రబ్బర్లు, స్టీరింగు పైభాగం, డ్రైవరు సీటు అంచు నిజం దాచలేవు. ఓనరుని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్తే ప్రతి సర్వీసుకీ రాసుకున్న కిలోమీటర్లు చెబుతారు.

ఇంజను, ఆపై నడిపి చూడడం

"మేం వచ్చేదాకా స్టార్టు చేయొద్దు" అని ముందే ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు, ఇంకోరోజు రండి.

తాళం తిప్పి ఆన్‌లో ఉంచినప్పుడు చెక్ ఇంజన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారని అనుమానించాలి. ఆయిలు పోసే మూత లోపల పాలు కలిపిన కాఫీ రంగులో జిడ్డు ఉంటే ఇంజనుని చల్లబరిచే కూలెంటు ఆయిల్లో కలుస్తోంది, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. స్టార్టు చేశాక వెనక ఒకరు నిలబడి పొగ చూడాలి. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ పొద్దున్నే కాసేపు వచ్చి ఆగిపోతే పర్వాలేదు, వేడెక్కాకా వస్తుంటే కూలెంటు కాలుతోంది. డీజిలు బండికి ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత వదులు చేయండి. పొగ బుస్సుమని కొడితే పిస్టను రింగులు అరిగాయి. పావుగంట నిలబెట్టి నడిపించండి. రేడియేటరు ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగాలి, వేడి ముల్లు మధ్య దాటకూడదు.

ఆల్టో 800, పాత శాంత్రో ఇంజన్లకి వాల్వులని సమయానికి తెరిచి మూయించే టైమింగు బెల్టు ఉంటుంది. ఆల్టో కె10, స్విఫ్టు 1.2 పెట్రోలుకి చైను. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు తగ్గించండి. శాంత్రోలో అది తెగితే వాల్వులు వంగిపోతాయి, అక్కడితో ఇంజను ఊడదీయాల్సిందే.

నడపడానికి ఒక్క ఊరి రోడ్డు చాలదు. విజయనగరంలో అయితే ఊళ్లో రద్దీ తిరిగి నాతవలస దాకా వెళ్లి హైవే ఎక్కండి, శ్రీకాకుళంలో అయితే డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఎచ్చెర్ల వైపు. రేడియో కట్టేయండి. క్లచ్ పరీక్ష ఖాళీ చోట చేయండి. హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో క్లచ్ మెల్లిగా వదలండి. ఇంజను వెంటనే ఆగిపోతే క్లచ్ బాగుంది. ఆగకుండా మూలుగుతుంటే ప్లేటు అరిగింది. స్టీరింగు చివరిదాకా తిప్పి మెల్లిగా గుండ్రంగా నడపండి. టకటకమంటే డ్రైవ్ షాఫ్టు జాయింటు పోయింది. వెనక ఎవరూ లేనప్పుడు 60లో బ్రేకు వేస్తే బండి ఏ పక్కకీ లాగకూడదు, స్టీరింగు వణకకూడదు.

బేరం, డబ్బు

దొరికిన లోపాలన్నీ కాగితం మీద రాసి, పక్కన రిపేరు ఖర్చు వేసి, ఆ కాగితమే ఓనరు ముందు పెట్టండి. పాలసీలో ఉన్న ఐడీవీ, అంటే ఇన్సూరెన్సు కంపెనీ బండికి కట్టిన విలువ, ధరకి ఒక ఆధారం. చెల్లింపు బ్యాంకు ద్వారా, ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాకే. డెలివరీ కాగితంలో తేదీతోపాటు సమయం కూడా రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ నిమిషం ముందు చలానాలు వాళ్లవి, తర్వాతవి మీవి. రెండో తాళం అడిగి తీసుకోండి. ఫాస్టాగ్ పాతాయన మూయించుకోవాలి, మీరు మీ పేరున కొత్తది తీసుకోవాలి. లేకపోతే మడపాం టోల్‌గేటులో మీరు దాటితే డబ్బులు ఆయన ఖాతాలో పోతాయి, ఫోను మీకొస్తుంది.

మొదటి నెల

పాతాయన "మొన్ననే మార్చాను" అన్నా సరే, ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలెంటు, బ్రేకు ఆయిలు మార్చేయండి. లెక్క ఇక్కణ్నుంచి మీ చేతిలో ఉంటుంది. చిన్న పెట్రోలు కార్లకి సుమారు మూడు లీటర్ల ఆయిలు పడుతుంది. గ్రేడు మాన్యువల్లో ఉన్నదే పోయించండి. చిక్కటి ఆయిలు పోస్తే శబ్దం తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు, అది జబ్బుని దాచే పని. గుచ్చి చూసే పుల్ల మీద రెండు గుర్తుల మధ్య తేడా చాలా కార్లలో దాదాపు లీటరు. మొదటి నెల వారానికోసారి చూస్తే బండి ఆయిలు తాగుతోందో లేదో తేలిపోతుంది.

రేడియేటరులో బోరు నీళ్లు పోయకండి. సున్నం గడ్డకట్టి సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. రెడీమేడ్ కూలెంటు, లేదా డిస్టిల్డ్ వాటరులో కలిపినది పోయండి. వేడి మీద మూత తీయకూడదు. ఇంజను ఆపినప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. నడుస్తున్నప్పుడు 13 దాటకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటరుది. 2023కి ముందు బండైతే పెట్రోలు గొట్టాలు, వాషర్లు గట్టిపడ్డాయా చూపించండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాలు పెట్రోలు ముసలి రబ్బరుకి పడదు.

ఏడాది పొడవునా

10 వేల కిలోమీటర్లకి గానీ ఏడాదికి గానీ, ఏది ముందొస్తే అప్పుడు ఆయిలు, ఫిల్టరు. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన తీరంలో ఇంకా ఎక్కువ. ఏ రకం ఆయిలో, డాట్ 3నా, 4నా అన్నది, దాని మూత మీదే ఉంటుంది. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు స్తంభం మీద స్టిక్కరులో రాసినంత. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగకముందే, లేదా ఆరేళ్లు నిండగానే టైరు మార్చండి.

ఇక ఉప్పు సంగతి. బీచికి వెళ్లొచ్చిన రోజే మంచినీళ్లతో బండి అడుగు, చక్రాల గూళ్లు కడిగించండి. ఇసుకలోకి దించకండి. తలుపు అడుగు రంధ్రాల్లో కొబ్బరి ఈనె పెట్టి నెలకోసారి దుమ్ము తీయండి. అడుగున కోటింగు కొట్టించాలంటే ఎండాకాలంలో, కడిగి రెండు రోజులు ఆరాక కొట్టించాలి. తడి మీద కొడితే ఉప్పుని లోపల పెట్టి మూత వేసినట్టే. టార్పాలిన్ కప్పి ఉంచితే లోపల చెమ్మ పట్టి మరింత పాడవుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు వాడండి, లేదా ఏదీ కప్పకండి. రోజుల తరబడి నిలబెట్టేటప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయొద్దు, షూలు డ్రమ్ముకి అతుక్కుంటాయి. మొదటి గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పేరుకుంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక వ్యాజలీను రాయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు ఆఖర్న. ఉద్దానం వైపు ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు గానీ, కొబ్బరి చెట్టు నీడ కారుకి నీడ కాదు.

రెండు లక్షల బండికి థర్డ్ పార్టీ పాలసీ చాలదా అని అడుగుతారు. ఇక్కడ చాలదు. హుద్‌హుద్‌కీ తిత్లీకీ చెట్లు ఎన్ని బళ్ల మీద పడ్డాయో చూశాం. చెట్టు పడినా, వరద వచ్చినా సొంత డ్యామేజీ ఉన్న పాలసీయే ఇస్తుంది. అందులోనూ ఒక మెలిక ఉంది. నీళ్లలో నిలిచిన బండిని స్టార్టు చేస్తే సిలిండరులోకి నీళ్లు లాక్కుని కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ఆ ఇంజను నష్టాన్ని విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోకపోతే కంపెనీలు ఇవ్వవు, పాత బళ్లకి ఆ యాడ్-ఆన్ దొరకడమూ కష్టమే. కాబట్టి తుపాను హెచ్చరిక రాగానే బండిని ఎత్తు మీదికి చేర్చండి. అయినా నీళ్లు చక్రం సగానికి వస్తే తాళం తిప్పకుండా, కుదిరితే బ్యాటరీ నెగటివ్ తీసి, ఫొటోలు తీసుకుని, ముందు ఇన్సూరెన్సు వాళ్లకి ఫోను చేయండి. తర్వాత టోయింగు బండికి.